ఆఖరి రీలు వేళకు అందుతుందా?

ఉరికంబం మీద కథానాయకుడు... వెండితెర మీదా, బయటా!

తెల్లవారుజాము. జైలు గోడ మీద తిరుగుతున్న సెర్చిలైటు. మొహానికి నల్లముసుగు, మెడకు తాడు. తలారి చెయ్యి మీట మీద ఉంది. జైలరు గడియారం చూసుకుంటున్నాడు. అవతల కారులో కథానాయిక, ఆమె చేతిలో ఓ కాగితం. అడ్డంగా రైల్వే గేటు పడింది! ఆమె కారు దిగి పరుగు తీసింది. ఇవతల జైలరు రుమాలు పైకెత్తాడు...

"ఆగండి!"

హాలంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంటుంది. బెంచీ క్లాసులోంచి ఈలలు. చెమ్మగిల్లిన కళ్ళు తుడుచుకుని జనం చెప్పులు వెతుక్కుంటారు.

ఇలాంటి క్లైమాక్సు మనం ఎన్ని సినిమాల్లో చూశామో లెక్కపెట్టమంటే నా వల్ల కాదు. చూసిన ప్రతిసారీ గుండె దడదడలాడిన మాట మాత్రం నిజం. కాగితం వస్తుందని తెలుసు. వేళకే వస్తుందనీ తెలుసు. టిక్కెట్టు డబ్బులు ఇచ్చిందే అందుకు కదా! అయినా దడే.

మరి బయట, అసలు జైళ్ళలో, ఆ కాగితం వేళకు అందుతోందా? ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నది ఆ ఒక్క ప్రశ్న కోసమే.

ఆ ప్రశ్న నాలో రేపినవాడు మా మేనమామ. ఆయన లాయరూ కాదు, జడ్జీ అంతకన్నా కాదు. గుంటూరు జిల్లాలో ఓ చిన్న ఊళ్ళో సినిమాహాలు ఆపరేటరుగా ఇరవై ఏళ్ళ పైచిలుకు పనిచేసినవాడు. ఆ హాలు ఇప్పుడు కల్యాణమండపం. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు టీవీలో 'అభిలాష' వస్తోంది. భోజనాల దగ్గరనుంచి లేచి వచ్చి చెయ్యి కడుక్కోకుండానే నిలబడి చూస్తున్నాడు.

"ఈ బొమ్మ ఎన్నిసార్లు తిప్పానో నాకే తెలీదురా అల్లుడూ. మొత్తం ఒక్క వరుసలో మాత్రం చూళ్ళేదు" అన్నాడు. ఆపరేటర్ల బతుకే అంత. ఒక రీలు ఆడుతుంటే ఇంకో రీలు చుట్టుకోవాలి. కథ వాళ్ళకు ముక్కలుముక్కలుగా తెలుస్తుంది.

లాయరు వేసిన పందెం

'అభిలాష' తెలియని తెలుగు ప్రేక్షకుడు ఉండడు. ఉంటే వాళ్ళ కోసం రెండు ముక్కలు. యండమూరి వీరేంద్రనాథ్ నవల ఆధారంగా కె.ఎస్. రామారావు నిర్మించగా, ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వంలో 1983 మార్చిలో విడుదలైన చిత్రమిది. చిరంజీవి, రాధిక, రావు గోపాలరావు ముఖ్య పాత్రధారులు. ఇళయరాజా పాటలు సరేసరి, ఇప్పటికీ ఏ పాటల పోటీకి వెళ్ళినా ఒకటి వినబడుతుంది.

ఉరిశిక్ష రద్దు కావాలని తపించే ఓ యువ లాయరు కథ ఇది. సభల్లో ఉపన్యాసాలిస్తే ఎవరు వింటారు? అంచేత అతనో ప్రాణాంతకమైన పందెం వేస్తాడు. తాను చెయ్యని హత్యలో తానే ఇరుక్కుని, శిక్ష పడేదాకా నోరు మెదపకుండా ఉండి, చివరి క్షణంలో పేరున్న సీనియరు లాయరు చేత నిజం బయటపెట్టించాలి. 'చూడండి, నిర్దోషిని ఉరికంబం దాకా తీసుకువచ్చారు' అని లోకానికి చూపించాలి. ఆ పథకం ఎలా తలకిందులవుతుందో చెప్పను. చూడనివాళ్ళ మీద నాకు జాలి ఉంది.

ఇలాంటి పందేన్ని హాలీవుడ్ కూడా ఆడింది. ఫ్రిట్జ్ లాంగ్ దర్శకత్వంలో 1956లో వచ్చిన 'బియాండ్ ఎ రీజనబుల్ డౌట్'లోనూ ఓ పెద్దమనిషి కావాలని హత్యకేసులో ఇరుక్కుంటాడు. 2003లో 'ది లైఫ్ ఆఫ్ డేవిడ్ గేల్' వచ్చింది. అక్కడా ఉరిశిక్ష వద్దనేవాడే శిక్షకు గురవుతాడు. దేశాలు వేరైనా కథకుల బుర్రలకు ఒకటే అనుమానం తట్టిందన్నమాట. సాక్ష్యాలన్నీ సరిగ్గా అమరినట్టు కనబడుతూ నిజం మాత్రం అందులో లేకపోతే?

'అభిలాష' గురించి ఓ చిన్న చిక్కు కూడా చెప్పాలి. అందులో పోరాటమంతా 302 సెక్షను మీద. ఆ సెక్షనులో ఉరి ఒక్కటే లేదు, యావజ్జీవం కూడా ఉంది. మొత్తం సెక్షనే ఎత్తేస్తే హత్యకు శిక్షే ఉండదు! సినిమావాళ్ళ ఉద్దేశం అందులోని ఉరి ముక్క తీసెయ్యమని. అది మనమే అర్థం చేసుకోవాలి. 2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతే మారిపోయి, హత్యకు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 103వ సెక్షను వచ్చింది. ఇకమీదట పుట్టే పిల్లలకు 'మూడొందల రెండు' అంటే ఏమిటో విడమరచి చెప్పాలి కాబోలు.

అదే ఏడాది ఢిల్లీలో...

తమాషా ఏమిటంటే, హాళ్ళలో 'అభిలాష' ఆడుతున్న ఆ రోజుల్లోనే ఢిల్లీలో సుప్రీంకోర్టు కూడా ఇదే కథతో కుస్తీ పడుతోంది.

1980లో బచన్ సింగ్ కేసులో అయిదుగురు జడ్జీల బెంచి ఉరిశిక్ష రాజ్యాంగానికి విరుద్ధం కాదంది. కాకపోతే అత్యంత అరుదైన కేసుల్లోనే వెయ్యాలంది. నలుగురు ఒకవైపు, జస్టిస్ పి.ఎన్. భగవతి ఒక్కరే ఒకవైపు. ఎందుకు విభేదించారో ఆయన 1982లో వివరంగా రాశారు. జడ్జి మారితే శిక్ష మారిపోతుంది, ఇది ప్రాణంతో లాటరీ అన్నది ఆయన వాదనలో సారాంశం.

1983 ఫిబ్రవరిలో, అంటే 'అభిలాష' రావడానికి కొన్ని వారాల ముందు, మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఒక తీర్పు చెప్పారు. తమిళనాడు నుంచి వచ్చిన కేసు అది. శిక్ష పడ్డాక రెండేళ్ళు దాటినా అమలు జరగకపోతే, ఆ మనిషి ఉరిని యావజ్జీవంగా మార్చమని అడగవచ్చు అన్నారాయన. రోజూ చావు కోసం ఎదురుచూడటం చావుకంటే తక్కువ శిక్షా ఏమిటి? అదీ ఆయన ప్రశ్న.

ఆ తీర్పు ఎన్నాళ్ళు నిలిచింది? నలభై రోజులు కూడా కాదు! మార్చి చివర్లో మరో బెంచి, అలా రెండేళ్ళని గిరి గీయడం కుదరదంది. ఏప్రిల్ 7న ఇంకో తీర్పు. అదివరకే యావజ్జీవ శిక్షలో ఉన్నవాడు మళ్ళీ హత్య చేస్తే ఉరి తప్ప మరో దారి లేదనే 303వ సెక్షనును కొట్టేశారు. ఆ బెంచిలోనూ చిన్నపరెడ్డి ఉన్నారు. సినిమా 302 అడిగింది, కోర్టు పక్కనున్న 303 తీసేసింది! జూలైలో మచ్చీసింగ్ కేసు. అందులో ఏయే హత్యలు అరుదైనవో రకాలుగా విడదీసి చెప్పారు. ఆ రకాల జాబితా వచ్చాక 'అరుదు' అన్నమాట అంత అరుదుగా ఉండలేదని విమర్శించినవాళ్ళు ఉన్నారు.

ఒక్క ఏడాదిలో ఇన్ని మలుపులు! స్క్రీన్‌ప్లే రాసేవాళ్ళు కూడా ఇన్ని పెట్టరు.

చిన్నపరెడ్డి 2013లో కన్నుమూశారు. మరుసటి ఏడాది, 2014 జనవరి 21న, క్షమాభిక్ష దరఖాస్తులు ఏళ్ళ తరబడి నానిన కారణంగా సుప్రీంకోర్టు ఒక్క తీర్పుతో పదిహేనుమందికి ఉరి తప్పించింది. రెండేళ్ళ లెక్క రాలేదు గానీ, ఆయన మాటలో ఉన్న ప్రాణం మాత్రం తిరిగి వచ్చింది. చూడటానికి ఆయన లేరు.

ముగ్గురు, ఒకే నేరం

ఇప్పుడు కాగితం సంగతికి వద్దాం.

ఉత్తరప్రదేశ్‌లో ఓ హత్యకేసు. ముగ్గురికి ఒకే తీర్పులో ఉరి పడింది. ముగ్గురి పాత్రా సమానమే. ముగ్గురూ విడివిడిగా సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఒకతని అప్పీలు ఒక బెంచి ముందుకు వచ్చింది, కొట్టేశారు. రెండో అతనిది వేరే బెంచి ముందుకు వచ్చింది, యావజ్జీవంగా మార్చారు. మూడో అతనిది మళ్ళీ కొట్టేశారు.

1981 అక్టోబరు 6. మొదటి అతనికీ, మూడో అతనికీ అదే రోజు ఉరి. మూడో అతను ఆఖరి ఘడియల్లో ఇంకో పిటిషను పెట్టుకున్నాడు. స్టే వచ్చింది. మొదటి అతను పెట్టుకోలేదు. ఉరి తీసేశారు.

తరువాత సుప్రీంకోర్టే ఈ సంగతి గమనించి నొచ్చుకుంది. మూడో అతని శిక్ష తగ్గించే విషయం ఆలోచించమని రాష్ట్రపతికి సిఫార్సు చేసింది. మరి మొదటివాడికి ఏ సిఫార్సు చేస్తారు?

ఇది సినిమాలో పెడితే 'లాజిక్ లేదు' అని మనమే రాస్తాం. మన విమర్శకులు ఊరుకుంటారా!

మన దగ్గరా ఇలాంటి రాత్రి ఒకటి గడిచింది. 1993 మార్చి 8న చిలకలూరిపేట దగ్గర బస్సు దోపిడీకి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు పెట్రోలు పోశారు, నిప్పంటుకుంది. 23 మంది మాడి మసైపోయారు. ఆ వార్త చదివిన తరం ఇప్పటికీ ఆ పేరు చెబితే ఉలిక్కిపడుతుంది. ఇద్దరికీ ఉరి వేశారు, పైకోర్టులూ ఖాయం చేశాయి, రాష్ట్రపతి క్షమాభిక్షా తిరస్కరించారు. 1997 మార్చి చివర్లో రాజమండ్రి జైల్లో ఉరికి ముహూర్తం పెట్టేశారు. తెల్లవారితే ఉరి అనగా సుప్రీంకోర్టు స్టే! కె.జి. కన్నబిరాన్ వంటి హక్కుల లాయర్లూ, రచయితలూ పడిన పాట్లకు ఫలితంగా 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఆ శిక్షల్ని యావజ్జీవంగా మార్చారు.

ఆ ఇద్దరూ పేద దళిత కుర్రాళ్ళు. దోచుకోవాలని వచ్చారు, చంపాలని రాలేదన్నది వాళ్ళ తరఫు వాదన. 23 మంది ఇళ్ళల్లో ఆ వాదన ఎలా వినబడుతుందో నేను ఊహించగలను. ఆ 23 మందికి ఏ స్టే ఆర్డరూ రాలేదు కదా! ఈ మాట అనకుండా ఉరిశిక్ష వద్దని వాదించేవాళ్ళని నేను నమ్మను.

అంతకుముందు, ఎమర్జెన్సీలో, కాగితం రాని సంఘటన కూడా మన గడ్డ మీదే జరిగింది. ఆదిలాబాద్ రైతాంగ కార్యకర్తలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న హైదరాబాద్ ముషీరాబాద్ జైల్లో ఉరి తీశారు. భూస్వాముల హత్య వాళ్ళ మీద నేరం. పత్రికల మీద సెన్సారు ఉన్న రోజులు. ఆ జైలు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో గాంధీ ఆస్పత్రి ఉంది. ప్రాణం దక్కించుకోవడానికి జనం రోజూ అక్కడే క్యూ కడుతున్నారు.

కావాలని ఆలస్యంగా పంపే క్షమాభిక్ష

ఆ ఆలస్యం మీదే సినిమా తీసిన మహానుభావుడు ఒకరున్నారు. అడూర్ గోపాలకృష్ణన్. 2002లో వచ్చిన మలయాళ చిత్రం 'నిళల్‌కుత్తు'. వెతికి చూడండి. అన్నట్టు, దీనికీ ఇళయరాజాయే సంగీతం!

1940ల నాటి తిరువాన్కూరు సంస్థానం. అక్కడ ఓ తలారి. ఒడువిల్ ఉణ్ణికృష్ణన్ ఆ పాత్ర ధరించాడు. ఒకప్పుడు తాను ఉరితీసినవాడు నిర్దోషి అని మనసులో పడి, తాగుడుకు బానిసవుతాడు. ఊళ్ళోవాళ్ళు మాత్రం అతని ఇంట్లో వేలాడే ఉరితాడు కాల్చిన బూడిద పూస్తే రోగం తగ్గుతుందని వస్తుంటారు. చంపిన తాడే మందు!

అందులో గుండె కలుక్కుమనే సంగతి ఇంకోటి. మహారాజు ఉరికి ముందు క్షమాభిక్ష ప్రసాదిస్తాడు. కానీ ఆ ఉత్తర్వు మోసుకొచ్చే మనిషి ఉరి అయిపోయాకే జైలుకు చేరేలా ఏర్పాటు. ఎందుకూ? పాపం రాజుకు అంటకూడదు! ఆయన క్షమించేశాడుగా. ఆలస్యమైతే ఆ పాపం తలారిది.

మన సినిమాల్లో 'ఆగండి!' అంటూ పరుగెత్తుకొచ్చే ఆ కాగితాన్ని అడూర్ ఎంత నిశ్శబ్దంగా తిరగేశాడో చూశారా? (తిరువాన్కూరు 1944లోనే ఉరిశిక్ష రద్దు చేసింది. దేశంలో కలిశాక మళ్ళీ వచ్చింది. వెనక్కి నడవడమంటే ఇదే!)

ఇది పాత రాజుల కథ కదా అనుకుంటున్నారా? 2013 ఫిబ్రవరి 9న అఫ్జల్ గురును తీహార్ జైల్లో ఉరి తీశారు. ఆ సంగతి తెలియజేస్తూ కాశ్మీరులోని కుటుంబానికి స్పీడ్ పోస్టులో ఉత్తరం వేశారు. ఉరి అయిపోయిన రెండు రోజులకు అది చేరింది. పార్లమెంటు మీద దాడి కేసు అది, అతని నేరం మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. కానీ ఆఖరిచూపుకు రమ్మనే కబురు కూడా ఆలస్యమేనా? ఇందాక చెప్పిన 2014 తీర్పులోనే, క్షమాభిక్ష తిరస్కరించాక ఉరికి కనీసం పద్నాలుగు రోజుల గడువు ఉండాలనీ, కుటుంబానికి ముందే తెలియజేయాలనీ సుప్రీంకోర్టు రూలు పెట్టింది.

2015 జూలై 30 తెల్లవారుజామున మూడింటికి యాకూబ్ మెమన్ కోసం సుప్రీంకోర్టు తలుపులు తెరిచారు. వాదనలు విన్నారు, పిటిషను కొట్టేశారు, ఉదయం ఏడు కాకుండానే నాగపూర్‌లో ఉరి తీశారు. 2020 మార్చి 20న నిర్భయ కేసులో నలుగురిని ఉరితీసిన రాత్రి కూడా అంతే, కోర్టు మేలుకునే ఉంది. ఈ శతాబ్దంలో మన దేశంలో ఉరితీసినవాళ్ళు మొత్తం ఎనిమిదిమంది. 2024 చివరికి ఉరిశిక్ష పడి జైళ్ళలో ఎదురుచూస్తున్నవాళ్ళు 564 మంది.

ఎవరు వాళ్ళు? ఢిల్లీలోని నేషనల్ లా యూనివర్సిటీ వాళ్ళు జైలు జైలుకూ తిరిగి 2016లో ఓ పెద్ద నివేదిక అచ్చేశారు. ఉరిశిక్ష పడ్డవాళ్ళలో సుమారు నాలుగింట మూడొంతులమంది ఆర్థికంగా బలహీనులేనట. 'అభిలాష' కథానాయకుడికి నిజం తెలిసిన ఓ పేరుమోసిన లాయరు ఉన్నాడు. వీళ్ళకు?

పదహారేళ్ళ రీలు

సినిమాలో పందెం కల్పన. 2019 మార్చి 5 నాటిది కల్పన కాదు.

మహారాష్ట్రలో 2003లో ఓ ఇంట్లో దోపిడీ, హత్యలు, అత్యాచారం జరిగాయి. సంచారజాతికి చెందిన ఆరుగురు కూలీలను పట్టుకున్నారు. కింది కోర్టు ఆరుగురికీ ఉరి వేసింది. హైకోర్టు ముగ్గురికి యావజ్జీవానికి తగ్గించింది. 2009లో సుప్రీంకోర్టు ఆ ముగ్గురికీ మళ్ళీ ఉరి ఖాయం చేసి, ఆరుగురినీ ఉరికంబం నీడలోకి తోసింది.

పదేళ్ళ తరువాత అదే సుప్రీంకోర్టు కేసు మళ్ళీ తెరిచి చూసింది. ప్రత్యక్షసాక్షి మొదట్లో పోలీసు ఫొటోల్లో గుర్తుపట్టింది వీళ్ళను కాదు, వేరేవాళ్ళను! ఆరుగురూ నిర్దోషులని విడిచిపెట్టింది. ఒక్కొక్కరికి అయిదు లక్షల పరిహారం ఇమ్మంది. వాళ్ళలో ఒకడు నేరం జరిగిననాటికి మైనరు.

పదహారేళ్ళు! ఇక్కడ కాగితం వేళకు అందిందనే చెప్పాలి. ఈలోగా ఎవరో ఫైలు తొందరగా కదిపి ఉంటే? మన దేశంలో ఫైళ్ళు నెమ్మదిగా కదలడం వల్ల మేలు జరిగిన కేసు బహుశా ఇదొక్కటేనేమో.

ఇంగ్లండులో అలా అందలేదు. తిమోతీ ఇవాన్స్ అనే అమాయకుణ్ణి సొంత కూతుర్ని చంపాడని 1950లో ఉరి తీశారు. కోర్టులో అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పిన కింది వాటా మనిషి క్రిస్టీయే వరుస హంతకుడని మూడేళ్ళకు బయటపడింది. అదే ఇంట్లో శవాలు దొరికాయి. 1965లో బ్రిటన్ హత్యకు ఉరి ఆపేసింది. 1966లో చనిపోయిన ఇవాన్స్‌కు క్షమాభిక్ష ఇచ్చింది! 1971లో ఆ కథను '10 రిల్లింగ్టన్ ప్లేస్' పేరుతో తీశారు. అందులో క్రిస్టీగా నటించింది ఎవరనుకున్నారు? రిచర్డ్ ఆటెన్‌బరో. మన 'గాంధీ' తీసిన ఆటెన్‌బరోయే. మెత్తగా మాట్లాడుతూ టీ కలిపిచ్చే ఆ హంతకుణ్ణి చూశాక రెండు రోజులు నాకు టీ దిగలేదు.

చప్పట్లు కొట్టే మనం

ఇంతవరకూ విని మా మామయ్య నవ్వాడు.

"నువ్వు చెప్పింది బానే ఉందిరా. కానీ ఒక్క సంగతి ఆలోచించు. మార్చిలో 'అభిలాష' వేశాం. ఉరి వద్దని జనం చప్పట్లు కొట్టారు. అక్టోబర్లో 'ఖైదీ' వచ్చింది. అదే చిరంజీవి, అదే కోదండరామిరెడ్డి. అందులో పగ తీర్చుకుంటుంటే అదే జనం పేపరు ముక్కలు చించి ఎగరేశారు. ఏది ఎక్కువ రోజులు ఆడింది?"

నేను మాట్లాడలేదు. చిరంజీవిని ఆకాశానికెత్తింది 'ఖైదీ' అని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. అంతకన్నా చిత్రం, 'అభిలాష'లో ఆ పెద్ద లాయరు రావు గోపాలరావు, 'ఖైదీ'లో దుర్మార్గపు భూస్వామీ ఆయనే!

చట్టం తప్పు చెయ్యగలదని ఒక సినిమాలో నమ్ముతాం. కథానాయకుడి కొడవలి మాత్రం తప్పు చెయ్యదని ఇంకో సినిమాలో నమ్ముతాం. ఎందుకంటే అక్కడ విలన్ చేసిన అకృత్యాన్ని కెమెరా మనకు ముందే చూపించింది. అనుమానానికి తావు లేదు. బయట మనకు ఆ రీలు ఎవరు వేసి చూపిస్తారు?

2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర 'దిశ' కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చచ్చిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సినిమావాళ్ళు చాలామంది శభాష్ అన్నారు. ఆ అమ్మాయికి జరిగిన ఘోరం తలుచుకుంటే ఆ కోపం ఎవరికైనా అర్థమవుతుంది. నాకూ అయింది. ఆ వేళ నేనూ స్నేహితులకు ఫోన్లు చేసి సంతోషపడినవాణ్ణే, దాచుకోవడం ఎందుకు! 2022లో సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటకు వచ్చింది. ఎదురుకాల్పుల కథ నమ్మదగినది కాదని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం విచారణ జరగాలని అందులో రాశారు. చచ్చిపోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చారు. అది చదివిన రోజు నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

అక్కడ ఉరికంబం కూడా లేదు, స్టే తెచ్చుకోవడానికి. ఉరిశిక్ష ఉండాలనేవాళ్ళకు నాదో మనవి. కనీసం ఉరిశిక్షకు ముందు ఓ విచారణ ఉంటుంది. దాన్నైనా ఉండనివ్వండి!

"అదంతా సరే. మన ఇంటి ఆడపిల్లకే జరిగితే? అప్పుడూ ఇలాగే రాస్తావా?" అన్నాడు మామయ్య. ఇది అందరూ అడిగే ప్రశ్నే. తప్పు ప్రశ్న కూడా కాదు.

రాయను, మామయ్యా. తాడు నేనే కొనుక్కొస్తాను. అప్పుడు నన్ను జడ్జి కుర్చీలో కూర్చోబెట్టకండి, అంతే.

ఈ రెండు బాధల్నీ పక్కపక్కన పెట్టి చూపించిన సినిమా నేను చూసినంతలో ఒక్కటే. పోలండు దర్శకుడు కీస్లోవ్‌స్కీ 1988లో తీసిన 'ఎ షార్ట్ ఫిల్మ్ అబౌట్ కిల్లింగ్'. ఓ కుర్రాడు కారణం లేకుండా టాక్సీడ్రైవర్ని చంపుతాడు. ఆ హత్య నిమిషాల తరబడి సాగుతుంది, చూడలేం. తరువాత ప్రభుత్వం ఆ కుర్రాణ్ణి ఉరి తీస్తుంది. అదీ అంతే వివరంగా, అంతే అసహ్యంగా చూపిస్తాడు. ఇక్కడ కుర్రాడు నిర్దోషి కాదు. సానుభూతి పుట్టించే సంగీతం లేదు. చివర్లో కాగితం పట్టుకుని ఎవరూ పరుగెత్తుకు రారు. ఆ ఏడాది ఏప్రిల్లో జరిగిన ఉరే పోలండులో ఆఖరిది. 1997లో చట్టం నుంచే తీసేశారు. సినిమా వల్లే ఆగిందంటే అతిశయోక్తి, కానీ అక్కడ ఆ చర్చలో ఆ సినిమా పేరు రాకుండా పోదు.

మన దేశంలో 2015లో లా కమిషన్ తన 262వ నివేదికలో, ఉగ్రవాద కేసులు మినహా మిగతా నేరాలకు ఉరి తీసెయ్యమని సిఫార్సు చేసింది. జస్టిస్ ఎ.పి. షా అధ్యక్షులు. సిఫార్సు కాగితం మీదే ఉంది. ఆపైన చట్టాలు మారినప్పుడల్లా ఉరి పడే నేరాల జాబితా పెరిగింది గానీ తరగలేదు. తమిళంలో కమలహాసన్ 2004లో 'విరుమాండి' తీసి (మనకు 'పోతురాజు'గా వచ్చింది) ఉరిశిక్ష మీద సూటిగా మాట్లాడాడు. తెలుగులో 'అభిలాష' తరువాత అంత గట్టిగా ఆ విషయం ఎత్తుకున్న పెద్ద సినిమా ఏదీ? నాకు గుర్తు రావడం లేదు. మీకు గుర్తొస్తే సంపాదకుల పేర ఉత్తరం రాయండి.

టీవీలో 'అభిలాష' చివరికొచ్చింది. మామయ్య అప్పటికి చెయ్యి కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి.

ఆ రోజుల్లో మా ఊళ్ళోనూ, ఆరు మైళ్ళ అవతల ఊళ్ళోనూ ఒకటే ప్రింటు మీద 'అభిలాష' ఆడించారట. అక్కడ ఆడిన రీలు డబ్బాలో పెట్టి సైకిలు మీద ఓ కుర్రాడు తెచ్చేవాడు. ఓ ఆదివారం ఫస్ట్ షో. హాలు నిండిపోయింది. ఆఖరి రీలు రాలేదు. సైకిలు పంక్చరో, వాడే ఎక్కడైనా ఆగాడో! తెర మీద ఏమీ లేదు. లైట్లు వేశారు.

"మామూలుగా అయితే కుర్చీలు విరగ్గొడతారురా. ఆ రోజు ఒక్కడు లేవలేదు. బెంచీల మీంచి ఓ ముసలాయన కేబిన్ వైపు తిరిగి ఏమని కేకేశాడో తెలుసా?"

"ఏమని?"

"రీలు సంగతి తర్వాత చూద్దాంగానీ... ఒరే అబ్బాయ్, ముందు ఆ కుర్రాణ్ణి కిందకి దించమనరా!"

రీలు రావడానికి ఇరవై నిమిషాలు పట్టిందట.